అటకమీది సహరచయిత

పుస్తకాలు రాసేవాళ్ళందరికీ చేతులు జోడించి ఒక మనవి. ముందుమాటలో కృతజ్ఞతలు చెప్పేటప్పుడు ఎవరికి చెబుతున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మీరు పోయాక ఆ మాటకు జవాబు చెప్పుకోవలసింది ఇంట్లోవాళ్ళు. మా పెదనాన్న చూసుకోలేదు. అందువల్ల ఒక ఏడాది మా ఇంటి ఆవకాయ పక్కింటి జాడీల్లో ఊరవలసి వచ్చింది.

మా పెదనాన్న పేరు ముక్తేవి శేషశయనం. మా పెదలంకపాడు బళ్ళో లెక్కల మాస్టారుగా పనిచేశాడు. బడి వదిలాక జానపద నవలలు రాసేవాడు. గుంటూరు దాటి ఎన్నడూ వెళ్ళని మనిషి సముద్రం అడుగున నగరాలు కట్టాడు. ఆ నగరాల్లో చేపలే వీధిదీపాలు. తన నీడను తాకట్టుపెట్టి యుద్ధానికి వెళ్ళిన రాజును పుట్టించాడు. వీపుమీద ఊరినంతా ఎక్కించుకుని ఆకాశంలో తిరిగే తాబేలును పుట్టించాడు. అవన్నీ వారపత్రికలో వారం వారం వచ్చేవి. ఇప్పటికీ నా కొట్టుకు కర్పూరం కొనడానికి వచ్చే పెద్దవాళ్ళు "అవునోయ్, ఆ తాబేలు చివరికి కిందికి దిగిందా లేదా?" అని అడుగుతారు. ఆఖరి వారం సంచిక వాళ్ళకు దొరకలేదట.

నాది పూజాసామగ్రి దుకాణం. చదివింది పదో తరగతి. నేను దేవుణ్ణి నమ్ముతాను, ప్రభుత్వాన్నీ నమ్ముతాను. రెండుచోట్లా మన పని కావడానికి కొంత ఆలస్యమవుతుందని తెలుసు.

పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళకు పిల్లలు లేరు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయిన నన్ను పెంచింది పెద్దమ్మ తాయారమ్మే. పెదనాన్న పుస్తకాలన్నీ తుఫాను వచ్చిన ఏడు ఇంట్లోకి నీళ్ళొచ్చి ముద్దయిపోయాయి. గ్రంథాలయంలో ఒక్కొక్క ప్రతి ఉందిగానీ, ముట్టుకుంటే పొడి రాలుతుందని బయటికి ఇవ్వరు. పెద్దమ్మకు చూపు మసకబారింది. ఆవిడకు మిగిలిన కోరిక ఒక్కటే.

"ఒరే రంగా, ఆయన కథలు ఎవరన్నా చదివి పెడితే ఒక్కసారి మళ్ళీ వినాలిరా."

"నీకన్నీ కంఠతా వచ్చుగా పెద్దమ్మా."

"వస్తే? నాకు నేను చెప్పుకుంటే అది వినడం అవుతుందిట్రా?"

అందుకే, రాష్ట్ర సారస్వత వారసత్వ పరిరక్షణ మండలివారు శేషశయనం గారి శతజయంతికి ఆయన సమగ్ర రచనలు అచ్చు వేయిస్తామని కబురు చేసినప్పుడు మా ఇంట్లో పాయసం వండుకున్నాం. దేవుడికి నైవేద్యం పెట్టి తిన్నాం. తొందరపడ్డామని తరవాత తెలిసింది.

మండలి ఉపసంచాలకులు ఉపేంద్ర గారు, సూపరింటెండెంటు సలోమి గారు ఒక ఉదయం జీపు దిగారు. ఉపేంద్ర గారు పెద్ద మనిషి, అన్ని విధాలా. కుర్చీ ఆయన్ని చూసి కొంచెం మూలిగింది. పెద్దమ్మ చేత సంతకం చేయించుకున్నారు, నా చేత చేయించుకున్నారు. కాఫీ తాగారు. తరవాత ఉపేంద్ర గారు గొంతు సవరించుకున్నారు.

"ఇక రెండవ రచయిత గారి నిరభ్యంతర పత్రం కూడా సమర్పించినచో కార్యక్రమం ముందుకు సాగును."

"రెండో రచయిత ఎవరండీ?" అన్నాను.

సలోమి గారు సంచీలోంచి ముందుమాట నకలు తీసి, ప్రార్థన చదివినంత శ్రద్ధగా చదివారు. "ఈ కథలు నావి కావు. మా ఇంటి అటకమీద ఒక బ్రహ్మరాక్షసుడు కాపురముంటున్నాడు. అతడు చెప్పింది చెప్పినట్టు రాశాను. తప్పులుంటే నావి, ఒప్పులుంటే అతడివి."

పెద్దమ్మ పకపకా నవ్వింది. ఉపేంద్ర గారు నవ్వలేదు.

"మండలి కొత్త నియమం ప్రకారం, ముందుమాటలో రచనకు తోడ్పడినట్టు పేర్కొన్న ప్రతి వ్యక్తీ సహరచయితే. వారి సమ్మతి లేనిదే ఒక్క పేజీ కూడా అచ్చు వేయరాదు."

"అది హాస్యానికి రాసింది నాయనా," అంది పెద్దమ్మ.

"హాస్యానికి అని ఎక్కడైనా రాసి ఉన్నదా అమ్మా?"

లేదు. పెద్దమ్మ ఉన్న సంగతి చెప్పింది. ఆ రోజుల్లో బళ్ళు చూసే ఇన్‌స్పెక్టరు ఒకాయన, ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా పుస్తకాలు రాయకూడదని, అందులోనూ పిల్లలు పాడయ్యే రాక్షసుల కథలు అసలే రాయకూడదని, పెదనాన్నకు మెమో ఇచ్చాడట. ఉద్యోగం పోతుందని పెద్దమ్మ ఏడుస్తూ కూచుంటే, పెదనాన్న నవ్వుతూ సంజాయిషీ రాశాడట: "ఈ కథలు రాసింది నేను కాదు. అటకమీది బ్రహ్మరాక్షసుడు చెబుతున్నాడు, దస్తూరీ మాత్రం నాది."

"పై ఆఫీసులో ఎవరో సరసుడున్నట్టున్నాడు. సంజాయిషీ సంతృప్తికరం అని రాసి మూసేశాడు. అప్పటినించీ ఆయన ప్రతి పుస్తకానికీ అదే ముందుమాట పెట్టేవాడు," అంది పెద్దమ్మ.

ఈ మాట వింటే అధికారులు తేలికపడతారనుకుని ఆవిడ చెప్పింది. తేలికపడ్డారు కూడా. ఉపేంద్ర గారి ముఖం వెలిగిపోయింది.

"అనగా సదరు బ్రహ్మరాక్షసుల వారి ఉనికిని ప్రభుత్వం ఇదివరకే లిఖితపూర్వకంగా ఆమోదించి ఉన్నది! రాసుకోండి సలోమి గారూ. ప్రభుత్వం ఒకసారి ఒప్పుకున్నవారిని మండలి కాదనజాలదు."

"అయ్యా, అటకమీద ఎవరూ లేరండీ," అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశారు. "ఆలోచించి చెప్పండి. లేరన్నచో, కీర్తిశేషులు శేషశయనం గారు ప్రభుత్వానికి తప్పుడు సంజాయిషీ సమర్పించి ఉద్యోగంలో కొనసాగినట్లగును. అట్టివారికి శతజయంతి జరుపరాదు. అమ్మగారికి వచ్చుచున్న కుటుంబ పింఛను సైతం పునఃపరిశీలనకు వచ్చును. ఇప్పుడు చెప్పండి. ఉన్నారా, లేరా?"

నేను పెద్దమ్మ వైపు చూశాను. పెద్దమ్మ అటక వైపు చూసింది.

"ఉన్నాడులే నాయనా," అంది. "ఎక్కడికి పోతాడు."

తనిఖీ మొదలైంది. మా అటక వంటింటికీ నడవకూ మధ్య ఉంది. నిచ్చెన వేశాను. ఉపేంద్ర గారు నిచ్చెననూ తన్నూ బేరీజు వేసుకుని, "సలోమి గారూ, మీరొకసారి..." అన్నారు.

"నాకు మోకాళ్ళ నొప్పులు సార్. పైగా ఇట్టాంటివాటికి మా పాస్టరు గారు ఒప్పుకోరు."

ఆయనే ఎక్కారు. కింద నేనూ, జీపు డ్రైవరూ నిచ్చెన పట్టుకున్నాం. ఆయన తల అటకలోకి పోయింది. లోపల్నించి "అయ్యా... నమస్కారం... మండలి తరఫున వచ్చితిని..." అని వినిపించింది. తరవాత వరసగా తుమ్ములు. దిగివచ్చి నివేదిక చెప్పారు: "సహరచయిత గారు తనిఖీ సమయమున అందుబాటులో లేరు. నివాస చిహ్నములు గలవు."

"ఏం చిహ్నాలండీ?" అంది లోపల్నించి వచ్చిన మా ఆవిడ అలివేలు.

"పెద్ద పెద్ద జాడీలు, గంగాళములు, ఒక విరిగిన ఉయ్యాల."

"అవి నావండీ! ఆవకాయ జాడీలు!"

"నివాసంలో ఉన్న వస్తువులు నివాసివే అని భావించవలెనమ్మా. మీవైనచో తగు ఆధారాలతో దరఖాస్తు చేసుకోండి. అంతవరకూ అటకకు సీలు వేయక తప్పదు."

"మామిడికాయలు తెచ్చి ముక్కలు కొట్టించానండీ! ఆవపిండి కూడా కలిపేశాను! బ్రహ్మరాక్షసుడు ఆవకాయ పెట్టుకుంటాడా?"

"ఆ అంశము పరిశీలనలో లేదు."

అటకకు అడ్డంగా తెల్లగుడ్డ కట్టి, లక్క కరిగించి ముద్రలు వేశారు. దాని కింద ‘సహరచయిత గారి నివాసము, అనుమతి లేనిదే ప్రవేశించరాదు’ అని రాసిన అట్ట వేలాడదీశారు. అలివేలు నాతో మాట్లాడ్డం మానేసింది. "మీ పెదనాన్నకి కృతజ్ఞతలు చెప్పుకోడానికి మనుషులే దొరకలేదా?" అని గోడతో అనేది. గోడ ఏమీ అనేది కాదు, నేనూ అనేవాణ్ణి కాదు.

వారం తిరక్కుండా నోటీసు పట్టుకుని మళ్ళీ వచ్చారు. ప్రతివాది సంతకం పెట్టలేని పక్షంలో అతని నివాసం ఎదుట పైకి చదివి వినిపించాలట. ఉపేంద్ర గారు అటక కింద నిలబడి, తల పైకెత్తి, పెళ్ళిలో మంత్రాలు చదివే పురోహితుడిలా చదివారు. వీధిలోవాళ్ళు కూడా వచ్చి అరుగుమీద కూచున్నారు. "...కావున తమకేమైనా అభ్యంతరమున్నచో తెలియజేయగలరు" అని ఆయన ముగించగానే అటకలో బల్లి పలికింది.

అలవాటు కొద్దీ అరుగుమీది ఆడవాళ్ళందరూ వేళ్ళతో నేలమీద కొట్టి "సత్యం, సత్యం" అన్నారు.

"ఏమిటది?" అన్నారు ఉపేంద్ర గారు.

"బల్లండీ. మాట్లాడుతుంటే అది పలికితే ఆ మాట నిజమని మావాళ్ళ నమ్మకం," అన్నాను. ఇంతకన్న తెలివితక్కువ పని నేను జీవితంలో చేయలేదు.

ఆయన కాసేపు ఆలోచించారు. "రాసుకోండి సలోమి గారూ. నివాసము నుండి మౌఖిక స్పందన లభించినది. భాష అవగతము కాలేదు. నిపుణుని అభిప్రాయము కోరవలెను."

సలోమి గారు ఒక్క క్షణం కలం ఆపారు. నావైపు చూశారు. మళ్ళీ రాసుకున్నారు.

నిపుణుడుగా వచ్చిన బల్లిశాస్త్రం పండితుడు, బల్లి ఏ దిక్కున పలికింది, ఏ పొద్దున పలికింది, ఎన్నిమార్లు పలికింది అని అరుగుమీది ఆడవాళ్ళందర్నీ విచారించాడు. ఒక్కొక్కరూ ఒక్కొక్క దిక్కు చెప్పారు. చివరికి ఆయన తేల్చిన ఫలితం ‘ధననష్టం’.

దానిమీద మండలిలో తర్జనభర్జన జరిగిందట. నష్టం అనే మాట సహరచయిత నోటినుంచి వచ్చింది కనుక ఆయన తనకు నష్టం జరిగిందంటున్నాడనీ, అంటే అభ్యంతరం చెప్పినట్టేననీ తీర్మానించారు. పుస్తకాల అచ్చు నిలిపివేశారు.

నేను ఆ కబురు చెప్పినప్పుడు పెద్దమ్మ పప్పులో రాళ్ళు ఏరుతోంది. చూపు ఆనకపోయినా వేళ్ళతో ఏరుతుంది.

"అయితే ఇక రావన్నమాట," అంది. అంతే. కాసేపయ్యాక, "పోనీలేరా. ఆయన ఉన్నప్పుడు విన్నానుగా," అంది. ఆవిడ ఏరిన పప్పులో ఆ పూట రెండు రాళ్ళు వచ్చాయి. ఎప్పుడూ రావు.

అది చూశాక నేను ఊరుకోలేకపోయాను. రామాలయంలో పురాణం చెప్పే మా ఆచార్లు గారు ఒక మాట చెబుతుండేవారు. బ్రహ్మరాక్షసుడంటే ఏదో పొరపాటువల్ల ఆ జన్మలో చిక్కుకున్న చదువుకున్నవాడే. ఎవరైనా దయతలచి తన పుణ్యంలో కొంత నీళ్ళు వదిలి ధారపోస్తే, అతడికి ఆ జన్మ తీరిపోతుంది. మరునాడు నేనే బస్సెక్కి మండలి కార్యాలయానికి వెళ్ళాను.

"అయ్యా, ఉన్నాడన్నారు, ఒప్పుకున్నాం. విముక్తి చేసేస్తే?"

ఉపేంద్ర గారు కుర్చీలో ముందుకు జరిగారు. "సహరచయిత మరణించినచో వారసుల సమ్మతి కావలెనని నియమమున్నది. విముక్తి పొందినచో..." నియమావళి తిరగేశారు. "ఏమియూ లేదు. విముక్తుడికి బంధములు ఉండవు. బంధములు లేనివాడికి వారసులు ఉండరు. వారసులు లేనిచో అభ్యంతరము ఉండదు. సలోమి గారూ! ఇది జరుగును!"

ఆయన లేచి నాకు చెయ్యి అందించారు. అంతలో గుర్తొచ్చి మళ్ళీ కూచున్నారు.

"అయితే ధారపోయుటకు తమవద్ద పుణ్యము గలదా?"

"ఏదో ఉందనుకుంటున్నానండీ."

"అనుకొనుట చాలదు. పరిశీలించవలెను. ఏమేమి చేసితిరి?"

నేను సిగ్గుపడుతూ చెప్పుకున్నాను. కార్తీక మాసంలో దీపాలు. ఏటేటా సత్యనారాయణ వ్రతం. ఏకాదశి ఉపవాసాలు.

"దీపములకు వత్తులు, నూనె, కర్పూరము ఎక్కడివి?"

"నా కొట్టువేనండీ."

"అనగా తాము దేవుని సామాను అమ్ముదురు, దేవుని పూజయూ చేయుదురు. తాము పూజ చేయుట చూచి పదిమందీ తమవద్దనే కొందురు. అది భక్తియా, ప్రచారమా? ఈ అంశము వివాదాస్పదము. కొట్టివేయండి."

"ఏకాదశి రోజు ఏం తింటారండీ?" అని సలోమి గారు మెల్లగా అడిగారు.

"ఏమీ తినమండీ. ఉప్పుడుపిండి, రెండు అరటిపళ్ళు, పాలు, సాయంత్రం కాస్త..."

ఆవిడ కలంతో ఒక గీత గీశారు. అది పెద్ద గీత.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని నాలో నేను లెక్కచూసుకున్నాను. ఆ పెద్దమనిషి మూర్ఖంగా అడిగాడుగానీ, అడిగిన ప్రశ్న మరీ మూర్ఖమైంది కాదేమో అనిపించింది. ఎవరూ చూడకుండా, ఏమీ రాకుండా నేను చేసిన పుణ్యం ఏదన్నా ఉందా? ఊరు వచ్చేసింది, ఒక్కటీ గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి సంగతంతా చెప్పాను. పెద్దమ్మ విని, "నేను పోస్తాలేరా ధార. వాళ్ళను రమ్మను," అంది.

"నీ పుణ్యాన్ని కూడా పరిశీలిస్తారు పెద్దమ్మా."

"చెయ్యనీ."

వాళ్ళు వచ్చారు. అలివేలు పీట వేసింది, రాగిచెంబులో నీళ్ళు, తులసిదళం తెచ్చింది. జాడీల మీద ఆశతో కొత్త చీర కూడా కట్టుకుంది. సీలు వేసిన అటక కింద పెద్దమ్మ కూచుంది. అరుగు నిండిపోయింది.

"అమ్మగారు ఏ పుణ్యమును ధారపోయదలచినారు?" అని ఉపేంద్ర గారు అడిగారు.

"నేను గుళ్ళూ గోపురాలూ పెద్దగా తిరగలేదు నాయనా. వంటిల్లే సరిపోయింది. అయితే ఒకటుంది. ఆయన రాసిన ప్రతి కథా ముందు నాకే చదివి వినిపించేవాడు. తాబేలు ఎగిరిందన్నాడు, విన్నాను. రాజు నీడను తాకట్టు పెట్టాడన్నాడు, విన్నాను. చేపలు దీపాలై వెలిగాయన్నాడు, పొయ్యిమీద పులుసు పొంగిపోతున్నా కదలకుండా విన్నాను. ఇంతకాలంలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా ‘ఇది జరిగేదేనా?’ అని అడగలేదు." పెద్దమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "నోటిదాకా వచ్చేది. మింగేసేదాన్ని. అడిగితే ఆయన రాయడం ఆపేస్తాడేమోనని భయం. ఆ పుణ్యం ఉంది."

సలోమి గారు కలం మూత పెట్టేశారు.

ఉపేంద్ర గారికి మాత్రం ఉద్యోగం గుర్తొచ్చింది. "దీనికి సాక్షి ఎవరు? మాస్టారు గారు లేరు కదా."

"పైనున్నాయన విన్నాడుగా సార్," అన్నారు సలోమి గారు, అటక వైపు గడ్డం ఎత్తి. "ఎప్పటినించో ఇక్కడే కాపురం."

ఉపేంద్ర గారు తొడమీద చరుచుకున్నారు. "నిజమే! ప్రభుత్వ గుర్తింపు పొందిన సాక్షి! అంగీకరింపబడినది!"

పెద్దమ్మ చేతిలో తులసిదళం పెట్టుకుని, "నాయనా, అటకమీదున్నవాడా, నువ్వెవరైనా సరే, నా ఆ పుణ్యమంతా నీకిచ్చేశాను. సుఖంగా వెళ్ళు," అని చెంబులో నీళ్ళు పళ్ళెంలోకి వదిలింది. మా అలివేలు కళ్ళు ఒత్తుకుంది. అయినా మరుక్షణం నిచ్చెన తెచ్చి నిలబెట్టింది.

సీలు తీశారు. జాడీలు దిగాయి. అప్పటికి మా ఆవకాయ పక్కింట్లో సగం ఊరింది, సగం వాళ్ళు తినేశారు.

పుస్తకాలు ఆ శీతాకాలం వచ్చాయి. రామాలయం పక్క కళ్యాణమండపంలో ఆవిష్కరణ. మొదటి సంపుటంలో పెద్దల సందేశాలు, పెద్దల ఫొటోలు, పెద్దలు పెద్దలకు చెప్పుకున్న ధన్యవాదాలు గడిచాక పెదనాన్న ముందుమాట వచ్చింది. దాని కింద చిన్న అక్షరాలతో ‘ఇందు పేర్కొన్న సహరచయిత ప్రస్తుతము విముక్తులు’ అని వేశారు. వేదికమీద పెద్దమ్మకు ఒక శాలువా కప్పారు. ఇంకొకటి మడతపెట్టి చేతికిచ్చి, "ఇది వారికి," అన్నారు ఉపేంద్ర గారు చాలా గౌరవంగా.

ఇంటికొచ్చాక అలివేలు దాన్ని బీరువాలో పెట్టబోతే పెద్దమ్మ ఒప్పుకోలేదు. అటకమీదే పెట్టించింది.

మరునాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమ్మ మంచమ్మీద పడుకుని, "ఏదీ, తియ్యరా రంగా," అంది. నేను కళ్ళజోడు పెట్టుకుని తాబేలు కథ మొదలుపెట్టాను. నాది పదో తరగతి చదువే. అక్కడక్కడ తడబడ్డాను. ఊరి జనమంతా మూటాముల్లే కట్టుకుని తాబేలు వీపెక్కారు. కోమటి తన తక్కెడ మరిచిపోయి దిగి మళ్ళీ ఎక్కాడు. తాబేలు నాలుగు కాళ్ళూ చాచింది. మేఘాల మీదికి లేచింది.

"ఆగు," అంది పెద్దమ్మ.

ఆగాను.

"తాబేలు ఎగరడమేవిట్రా, అంత ఊరినెత్తుకుని! ఇది జరిగేదేనా?"

నేను పుస్తకం దించి ఆవిడ వంక చూశాను. "పెద్దమ్మా, నువ్వేనా అడిగేది?"

"ఏం, అడగకూడదా? పుణ్యం ధారపోసేశాగా. ఇక నాకు పోయేదేముంది?" అని, చిన్నపిల్ల మొండికేసినట్టు, ఈసారి నన్ను కాకుండా పైకి చూస్తూ గట్టిగా అడిగింది. "చెప్పు మరి. జరిగేదేనా?"

అటకమీద బల్లి పలికింది.

పెద్దమ్మ కాసేపు అలాగే చూసింది. తరవాత వేలితో మంచం పట్టె మీద టకటక కొట్టి, "సత్యం," అంది. "సరే, చదువు."